గుర్రపు డెక్క: చెరువులను కప్పివేసే తేలుడు మొక్క

వానకాలం ముగిసి చెరువులు నిండిన తరువాత కొన్ని చెరువులలో నీరు కనుపించదు. కట్టమీద నిలబడి చూస్తే ఈ చివర నుంచి ఆ చివరకు పచ్చిక బయలు వలె ఒక మొక్క పరచుకొని ఉంటుంది. దానిమీద లేత ఊదా రంగు పూలగుత్తులు చూడముచ్చటగా ఉంటాయి. తెలియని పశువు పచ్చిక అనుకొని అడుగు వేస్తే మునిగిపోతుంది. ఈ మొక్కనే మనం గుర్రపు డెక్క అంటున్నాము. వరంగల్లు భద్రకాళి చెరువులో, హైదరాబాదులో మూసీ నదిలో, హుస్సేన్‌సాగరులో, కృష్ణా గోదావరి డెల్టా కాలువలలో, కొల్లేరు సరస్సులో దీనిని చూడని వారుండరు. ఏటేటా దీనిని తీయిస్తూనే ఉన్నారు. ఏటేటా అది మరల వస్తూనే ఉన్నది. ఎంత శ్రమపడి తీసినా ఇది ఎందుకు తిరిగి వస్తున్నది? ఈ ప్రశ్నకు సమాధానం ఆ మొక్క పెరిగే తీరులోను, మన చెరువుల అమరికలోను ఉన్నది.

మొక్క స్వరూపం

దీని ఆకు దళసరిగా, గుండ్రంగా, నున్నగా గుర్రపు గిట్ట ఆకారంలో ఉంటుంది. అందుచేతనే తెలుగులో దీనికి ఆ పేరు వచ్చినది. జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు మార్షియస్ బ్రెజిలు దేశంలో పర్యటించి, 1823లో ఈ మొక్కను వర్ణించి 'పాంటెడేరియా క్రాసిపెస్' అని పేరు పెట్టినాడు. లాటిను భాషలో 'క్రాసిపెస్' అంటే బలిసిన పాదం కలది అని అర్థం. ఆ శాస్త్రజ్ఞుని దృష్టి బలిసిన ఆకు కాడమీద నిలిచినది. మనవారి దృష్టి ఆకు మీద నిలిచినది. ఇద్దరూ కాలితోనే పోల్చినారు. 1883లో దీనిని 'ఐకార్నియా' అనే ప్రజాతిలో చేర్చినారు. మన పాఠ్యపుస్తకాలలో చాలాకాలం ఉన్న పేరు అదే. జన్యుసంబంధాలను తిరిగి పరిశీలించిన మీదట 2018లో దీనిని మరల పాంటెడేరియాలోనే చేర్చినారు.

నీటిమీద కనుపించే ప్రతి మొక్కా గుర్రపు డెక్క కాదు. తామర, కలువ మొక్కల ఆకులు నీటిమీద తేలుతున్నా వాటి దుంపలు అడుగు బురదలో నాటుకొని ఉంటాయి. కావున అవి గాలికి కదలిపోవు. అంతర తామర అనే మరొక మొక్క స్వేచ్ఛగా తేలుతుంది గాని, దానికి ఆకు కాడ ఉండదు; నూగు గల ఆకులు కోసుపూవు రేకుల వలె చుట్టూ అమరి ఉంటాయి. గుర్రపు డెక్కకు ఉబ్బిన కాడ, నున్నని ఆకు, నీటిలోనికి వ్రేలాడే నల్లని కుచ్చు వేర్లు గుర్తులు. పూవుకు ఆరు రేకులు. పై రేకు నడుమ నెమలి కన్ను వంటి పసుపు మచ్చ.

తేలుటకు కారణం

ఒక కాడను అడ్డంగా కోసి చూస్తే లోపల స్పంజి వలె గదులు గదులుగా ఉంటుంది. ఆ గదులన్నీ గాలితో నిండి ఉంటాయి. దీనినే వాతయుత మృదుకణజాలం అంటారు. గాలి నిండిన ఈ కాడలే మొక్కకు తెప్పలు. వేర్లు నేలను పట్టవలసిన అవసరం లేదు. అవి బరువుగా క్రిందికి వ్రేలాడుతూ మొక్క ఒరగకుండా నిలుపుతాయి, నీటిలో కరిగి ఉన్న లవణాలను పీల్చుకొంటాయి. సాధారణంగా వేరు కొనకు ఉండే వేరు తొడుగుకు బదులు ఈ మొక్కకు సులభంగా ఊడివచ్చే వేరుసంచి ఉంటుంది.

మొక్కలు చిక్కగా కిక్కిరిసినపుడు కాడలు ఉబ్బడం మాని నిటారుగా, పొడుగుగా పెరుగుతాయి. చెరువు అంచున విడిగా ఉన్న మొక్క పొట్టిగా, ఉబ్బిన కాడలతో ఉండుటకు, నడుమనున్న మొక్క మోకాలెత్తు పెరుగుటకు ఇదే కారణం. ఒకే జాతి మొక్క చోటును బట్టి రెండు రూపాలు పొందుతున్నదని విద్యార్థులు గమనింపవచ్చును.

మొక్క బరువులో నూటికి 95 పాళ్ళు నీరే. ఈ అంకెను గుర్తుంచుకొనవలెను. తరువాత దీనితో పని ఉన్నది.

పెరుగుదల లెక్క

గుర్రపు డెక్క రెండు విధాల వృద్ధి పొందుతుంది. మొదటిది పిలకల ద్వారా. తల్లిమొక్క మొదట నుంచి ఒక చిన్న కాండం నీటిమీద అడ్డంగా సాగి, దాని చివర పిల్లమొక్క ఏర్పడుతుంది. కొద్ది దినాలలో ఆ పిల్లకు మరొక పిల్ల. గాలికో, అలకో, పశువు కాలికో ఆ బంధం తెగితే పిల్ల వేరుపడి మరొక చోట తన సంతతిని ప్రారంభిస్తుంది.

ఈ వేగం ఎంతటిదో అమెరికాలోని లూసియానాలో పెన్‌ఫౌండ్, అర్ల్ అనే శాస్త్రజ్ఞులు లెక్కించి 1948లో ప్రకటించినారు. అక్కడి ఎనిమిది నెలల పెరుగుదల కాలంలో 10 మొక్కలు 6,55,360 మొక్కలు కాగలవని, అవి ఒక ఎకరం నీటిని కప్పగలవని వారి అంచనా. ఈ సంఖ్య ఎట్లు వచ్చినదో గణితం తెలిసిన విద్యార్థి వెంటనే చెప్పగలడు. 10ని పదహారు సార్లు రెట్టింపు చేస్తే 6,55,360 అవుతుంది. అనగా సుమారు రెండు వారాలకు ఒకసారి మొక్కల సంఖ్య రెట్టింపు అవుతున్నదన్నమాట. 28 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం, పుష్కలంగా పోషకాలు ఉన్నచోట ఇంకా త్వరగా కూడ కావచ్చును. అటువంటి వెచ్చదనానికి మన ప్రాంతంలో కొదువలేదు.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాము. ఒక చెరువు పూర్తిగా కప్పబడి ఉన్నదనుకొందాము. శ్రమపడి నూటికి 90 పాళ్ళు తీసివేసి, ఇక చాలునని మానినారు. మిగిలిన 10 పాళ్ళు రెండు వారాలకు 20, నాలుగు వారాలకు 40, ఆరు వారాలకు 80 పాళ్ళు. ఏడవ వారం ముగియకముందే చెరువు నిండిపోతుంది. పోనీ, నూటికి 99 పాళ్ళు తీసినారు. ఒక్క పాలే మిగిలినది. అది నిండుటకు పదమూడు వారాలు పడుతుంది. వేయింటికి ఒక పాలు మాత్రమే మిగిలితే ఇరువది వారాలు. అనగా మిగిలిన దానిని పదోవంతుకు తగ్గించిన ప్రతిసారీ మనకు దొరికే వ్యవధి మరి ఏడు వారాల కంటె తక్కువే.

ఈ లెక్క నుంచి రెండు సంగతులు తేలుతున్నవి. ఒకటి, సగంలో ఆపిన పని చేయని పనితో సమానం. రెండవది, పెద్ద ఎత్తున ఒకసారి తీయించుట కంటె, తీసిన తరువాత ప్రతి రెండు వారాలకు అంచులు వెదకి మిగిలిన కొద్ది మొక్కలను ఏరివేయుట ముఖ్యం. మొదటి పనికి యంత్రాలు, వందలాది కూలీలు కావలెను. రెండవ పనికి ఒక తెప్ప, ఇద్దరు మనుషులు చాలు. కాని సాధారణంగా మొదటి పనికి ధనం మంజూరవుతుంది, రెండవ పని మరచిపోవడం జరుగుతుంది.

బురదలోని విత్తనం

వృద్ధి చెందే రెండవ మార్గం విత్తనం. పూత ముగియగానే పూలకాడ వంగి కాయలను నీటివైపు వాలుస్తుంది. ఒక్కొక్క కాయలో 300 వరకు విత్తనాలు ఉండవచ్చును. గింజ పొడవు ఒక మిల్లీమీటరు మాత్రమే. అవి అడుగుకు చేరి బురదలో నిద్రాణంగా ఉంటాయి. పదిహేను ఇరువది సంవత్సరాల వరకు మొలకెత్తే శక్తిని కోల్పోవు.

మన చెరువులకు సంబంధించి ఇది చాల ముఖ్యమైన విషయం. వేసవిలో చెరువు ఎండితే తేలే మొక్కలు వాడి చనిపోతాయి. పీడ విరగడ అయినదనుకొంటాము. కాని లోతు నీటిలో వెలుతురు లేక పడి ఉన్న గింజలకు తడి బురదమీద, పలుచని నీటిలో వెలుతురు, వెచ్చదనం దొరుకుతాయి. నీరు తగ్గి మరల వస్తున్న అంచులలోనే అవి మొలుస్తాయి. మొలక మొదట బురదలో వేరూని, నీరు పెరిగినపుడు ఊడివచ్చి తేలుతుంది. అనగా ఎండ తల్లిమొక్కలను చంపుతుంది. ఎండిన తరువాత వచ్చే తొలి వాన వాటి సంతానాన్ని లేపుతుంది. కనుక ఒక సంవత్సరం శుభ్రం చేసిన చెరువును ఆ తరువాత అనేక సంవత్సరాలు కనిపెట్టి ఉండవలెను. పూత రాకముందే మొక్కను తీసివేయుట ఉత్తమమనుటకు కారణం కూడ ఇదే.

అమెజాన్ నుంచి ఆసియాకు

ఈ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతం. అక్కడ వరదల రాకపోకలు, దీనిని తిని బ్రతికే కీటకాలు దీనిని అదుపులో ఉంచుతాయి. ఇతర దేశాలకు దీనిని మోసుకొనిపోయినది దాని అందం. పందొమ్మిదవ శతాబ్దం చివరలో ఉద్యానవనాల తొట్లలో పెంచుటకు మనుషులే దీనిని ఖండాలు దాటించినారు; మితిమీరి పెరిగిన మొక్కలను కాలువలలో పారవేసినారు. అమెరికాలో ఫ్లోరిడా, లూసియానా రాష్ట్రాల నదులలో పడవలు కదలలేని పరిస్థితి వచ్చినది. ఆఫ్రికా నుంచి నీటి గుర్రాలను తెప్పించి వదలితే అవి దీనిని తిని కాలువలను బాగుచేస్తాయని, వాటి మాంసం ప్రజలకు ఆహారమవుతుందని, 1910లో లూసియానా ప్రతినిధి బ్రూసార్డ్ ఆ దేశపు శాసనసభలో ఒక బిల్లు ప్రవేశపెట్టినాడు! అది నెగ్గలేదు. ఒక పరదేశ జీవిని తొలగించుటకు మరొక పరదేశ జీవిని ఆలోచించకుండా తెస్తే ఏమగునో ఊహించుకొనవచ్చును.

మన దేశంలో మొట్టమొదట తీవ్రంగా నష్టపోయినది వంగదేశం. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో అక్కడి నదులు, కాలువలు, వరిపొలాలు దీనితో నిండిపోయినవి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అక్కడి ప్రజలు దీనిని జర్మను నాచు అని పిలిచేవారు. సమస్యను పరిశీలించుటకు 1921లో ప్రభుత్వం నియమించిన సంఘానికి సర్ జగదీశ చంద్ర బోసు అధ్యక్షులు. 1936లో దీని నిర్మూలనకు ప్రత్యేక శాసనమే చేసినారు. 1937 ఎన్నికలలో గుర్రపు డెక్కను తొలగిస్తామన్న వాగ్దానం రాజకీయ పక్షాల ప్రణాళికలలోనికి ఎక్కినది. ఒక మొక్క ఎన్నికల ప్రచారంలో చోటు చేసుకొనుట అరుదైన విషయం.

జీవవైవిధ్యంపై ఐక్యరాజ్యసమితి ఆదరణతో పనిచేసే శాస్త్రజ్ఞుల వేదిక 2023లో వెలువరించిన నివేదిక, ప్రపంచంలో అత్యధిక ప్రాంతాలకు వ్యాపించిన పరదేశ ఆక్రమణ జీవి గుర్రపు డెక్కయేనని పేర్కొన్నది.

నీటికి, చేపకు, పంటకు కలిగే నష్టం

చెరువు నీటిలో ఆమ్లజని, అనగా ఆక్సిజన్, రెండు మార్గాల చేరుతుంది. గాలి తగిలే నీటి ఉపరితలం ద్వారా కొంత, నీటిలోపల ఉండే సూక్ష్మ శైవలాలు, నాచు మొక్కలు ఎండలో చేసే కిరణజన్య సంయోగక్రియ ద్వారా కొంత. గుర్రపు డెక్క ఈ రెండు దారులనూ మూసివేస్తుంది. పైన చాప వలె పరచుకొని గాలిని తాకనీయదు. వెలుతురును అడ్డగించి లోపలి మొక్కలను చంపుతుంది. అది మాత్రం ఆమ్లజనిని వదలదా అని విద్యార్థి అడుగవచ్చును. వదులుతుంది, కాని దాని ఆకులు నీటిపైన ఉన్నవి కనుక ఆ ఆమ్లజని గాలిలోనికి పోతుంది, నీటికి చేరదు. పైగా రాలిన ఆకులు, వేర్లు అడుగున కుళ్ళుతూ ఉన్న కొద్దిపాటి ఆమ్లజనిని కూడ హరిస్తాయి.

30 డిగ్రీల వెచ్చని నీటిలో, అన్నీ అనుకూలించినా, లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆమ్లజని మాత్రమే కరుగుతుంది. అది 3 మిల్లీగ్రాములకు తగ్గితే బొచ్చె, రవ్వ వంటి చేపలు ఊపిరాడక పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఇంకను తగ్గితే చనిపోతాయి. కొర్రమట్టకు, మార్పుకు నేరుగా గాలి పీల్చే అవయవాలు ఉన్నవి కనుక అవి కొంతకాలం తట్టుకొంటాయి. అయినా తల పైకెత్తుటకు ఖాళీ స్థలం ఉండవలెను గదా! ఇక వల వేయుటకు, తెప్ప నడుపుటకు చోటుండదు. చెరువునే నమ్ముకొన్న ముదిరాజు, గంగపుత్ర కుటుంబాలకు ఇది నేరుగా తగిలే దెబ్బ.

వ్యవసాయానికి కలిగే నష్టం తూము దగ్గర మొదలవుతుంది. గాలి వాటున మొక్కలు కట్టవైపు కొట్టుకొనివచ్చి తూము ముఖాన్ని మూసివేస్తాయి. కాలువలోనికి దిగినవి ప్రవాహానికి గరుకు గోడలవలె అడ్డుపడతాయి. వేర్లకు ఒండ్రు చిక్కి పూడిక పెరుగుతుంది. కాలువ వెడల్పు అంతే ఉన్నా వేగం తగ్గుటచేత, సగం నీరు కూడ చివరి భూములకు అందకపోవచ్చును. వరదవేళ మత్తడి మీద, వంతెనల కానాల వద్ద ఈ మొక్కలు గుట్టలుగా పేరుకొంటే నీరు వెనుకకు తన్ని కట్టకే ప్రమాదం.

మొక్క వలన నీరు ఎక్కువగా ఆవిరి అవుతుందా అన్న విషయమై కొలతలు ఏకీభవించవు. చిన్న తొట్లలో చేసిన ప్రయోగాలలో వట్టి నీటికంటె రెండు మూడు రెట్లు ఖర్చు కనుపించినది. కాని చిన్న తొట్టిలో మొక్క అంచులు దాటి పెరిగి, అన్నివైపుల నుంచి ఎండ, గాలి తగులుట వలన బాష్పోత్సేకం అధికంగా కనుపిస్తుంది. విశాలమైన చెరువులో తేడా అంతకంటె తక్కువ ఉంటుంది. ప్రయోగం చేసిన పాత్ర పరిమాణం ఫలితాన్ని ఎట్లు మార్చగలదో చూపుటకు ఇది మంచి ఉదాహరణ.

ఆరోగ్యానికి సంబంధించిన చిక్కు దోమలు. మాన్సోనియా అనే జాతి దోమల డింభకాలు గాలి కొరకు పైకి రావు. తమ శ్వాసనాళాన్ని నీటిమొక్కల వేర్లలో గుచ్చి, ఆ వేర్లలోని గాలినే పీల్చుకొంటాయి. కావున వాటికి అంతర తామర, గుర్రపు డెక్క వంటి మొక్కలు తప్పనిసరి. ఈ దోమలు ఒక రకం బోదకాలు క్రిములను వ్యాపింపజేస్తాయి. ఇతర దోమలకు కూడ అలలు లేని నీడనీరు, చేపలు చొరలేని వేర్ల గుబురు అనుకూలమైన స్థానాలు.

గొలుసుకట్టు చెరువులు

జఫర్‌గఢ్, వర్ధన్నపేట ప్రాంతపు వాననీరు ఆకేరు వాగులో చేరుతుంది. ఆకేరు మున్నేరులో, మున్నేరు కృష్ణానదిలో కలుస్తాయి. భూపాలపల్లి వైపు నీరు గోదావరికి పోతుంది. ఈ వాగుల వెంట కాకతీయుల కాలం నుంచి కట్టిన చెరువులు గొలుసుకట్టుగా ఉన్నవి: పై చెరువు మత్తడి పోస్తే ఆ నీరు క్రింది చెరువుకు, అది నిండితే ఇంకా క్రింది చెరువుకు చేరుతుంది. ఒక్క చుక్క వృథా కాకుండా చేసిన ఈ అమరిక ఎంత గొప్పదో, గుర్రపు డెక్కకు అంత చక్కని బాట కూడ. పైనున్న ఒక్క చెరువులో మొక్క మిగిలితే చాలు, మత్తడి పోసిన నాడు అది క్రింది చెరువులన్నింటికి పంపకమవుతుంది.

2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పథకం 46,000కు పైబడిన చెరువుల పునరుద్ధరణను ఉద్దేశించినది. దేవాదుల ఎత్తిపోతల పథకం గోదావరి నీటిని ఈ మెట్ట ప్రాంతపు చెరువులకు చేరుస్తున్నది. ఇవి మేలైన పనులే. అయితే నీరు ఎక్కువ కాలం నిలిచే చెరువులో తేలుడు మొక్కకు కూడ ఎక్కువ కాలం నిలువ నీడ దొరుకుతుంది. కనుక నీరు వచ్చిన చోట కాపలా కూడ పెరుగవలసి ఉన్నది.

మొక్క వచ్చుటకు దారి ఇది. విపరీతంగా పెరుగుటకు కారణం వేరు. గుర్రపు డెక్కకు నత్రజని, భాస్వరం కావలెను. ఇవి ఊరి మురుగు కాలువ నుంచి, ఎరువు వేసిన పొలాల నుంచి చెరువుకు వస్తున్నవి. పోషకాలు తక్కువగా ఉన్న నీటిలో ఈ మొక్క బక్కచిక్కి, పసుపు వారి నెమ్మదిగా పెరుగుతుంది. మురుగు కలిసిన నీటిలో ముదురు పచ్చగా, మోకాలెత్తుగా పెరుగుతుంది. నగరపు మురుగు చేరే మూసీలో ఇది దట్టంగా పెరుగుటలో వింత లేదు. మొక్క ముదురు పచ్చదనాన్ని చూచి ఆ నీటి సంగతి చెప్పవచ్చును.

నిర్మూలన మార్గాలు

చేతితో, యంత్రంతో తీయుట మొదటిది. చిన్న చెరువులకు ఇదే ఉత్తమం. పని పై చెరువు నుంచి ప్రారంభించి క్రిందికి రావలెను. క్రింది ఊరివారు ముందు తీసుకొంటే మరుసటి మత్తడితో ఆ శ్రమ వృథా అవుతుంది. వేసవిలో నీరు తగ్గి మొక్కలు ఒకచోట గుమిగూడినపుడు పని సులభం. పూడిక కూడ తీయించగలిగితే బురదతో పాటు గింజలు కూడ పోతాయి. వరంగల్లు భద్రకాళి చెరువును 2024 నవంబరులో ఖాళీచేసి పూడికతీత చేపట్టినారు. అటువంటి మట్టిని మెట్ట చేలకు తోలితే గింజ మొలిచినా నీరు లేక బ్రతుకదు. వరిమడికి తోలితే మాత్రం జాగ్రత్త అవసరం.

రెండవది రసాయనాలు. 2,4-డి వంటి కలుపు మందులు మొక్కను చంపుతాయి. కాని చచ్చిన మొక్క అంతా ఒక్కసారిగా నీటిలోనే కుళ్ళి, ఉన్న ఆమ్లజనిని హరించి చేపలను చంపుతుంది; పోషకాలు తిరిగి నీటిలోనే కలిసి తరువాతి తరం మొక్కలకు ఆహారమవుతాయి. పశువులు త్రాగే నీటిలో మందు చల్లుట మంచిది కాదు. పైగా 2,4-డి తుంపర గాలికి కొట్టుకొనిపోయి తగిలితే పత్తి పైరు ఆకులు ముడుచుకొని పాడవుతాయి. వరంగల్లు ప్రాంతం పత్తికి పెట్టినది పేరు అన్న సంగతి మరువరాదు.

మూడవది జీవనియంత్రణ. మొక్క పుట్టింటి నుంచి దాని సహజ శత్రువులను తెచ్చుట ఇందులోని సూత్రం. నియోకెటైనా అనే ప్రజాతికి చెందిన రెండు రకాల ముక్కు పురుగులు గుర్రపు డెక్కను తప్ప పంటలను ఆశించవని అనేక పరీక్షలు చేసి నిర్ధారించిన తరువాతనే 1980 దశకంలో మన దేశానికి తెప్పించి, బెంగుళూరు పరిసరాల చెరువులలో వదలినారు. సుమారు 5 మిల్లీమీటర్లు ఉండే పెద్ద పురుగు ఆకుమీద గీరి తింటుంది. పిల్ల పురుగు కాడలో తొలుచుకొని పోతుంది. ఆ రంధ్రాల ద్వారా నీరు చేరి, కాడ కుళ్ళి, మొక్క మునుగుతుంది. అక్కడ కొన్ని చెరువులు రెండు మూడు సంవత్సరాలలో బాగుపడినవి. తూర్పు ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1990 దశకం చివర వేలాది హెక్టార్లను కప్పిన మొక్క ఈ పురుగుల వలన, ఆ కాలపు వాతావరణ పరిస్థితుల వలన కొద్ది సంవత్సరాలలో చాలవరకు తగ్గిపోయినది.

అయితే ఈ పురుగు తన కోశస్థ దశను నీటిలో వ్రేలాడే వేర్ల మధ్య గడుపుతుంది. ఏటేటా ఎండిపోయే చెరువులో దానికి నిలకడ దొరకదు. మురుగు అధికంగా ఉన్న చోట పురుగు తినే వేగాన్ని మొక్క పెరిగే వేగం మించిపోతుంది. కనుక ఏడాది పొడుగునా నీరుండే పెద్ద జలాశయాలకు ఈ పద్ధతి తగినది. ఎండే చిన్న చెరువులకు మానవ శ్రమయే గతి.

తీసిన మొక్కను ఏమి చేయవలెను?

హెక్టారుకు 200 టన్నుల మొక్క ఉన్నదనుకొంటే, 40 ఎకరాల చెరువులో, అనగా సుమారు 16 హెక్టార్లలో, 3,200 టన్నులు ఉంటుంది. ట్రాక్టరు ట్రాలీకి 4 టన్నుల చొప్పున 800 ట్రిప్పులు! కాని మొదట చెప్పిన అంకెను జ్ఞాపకం చేసుకొనండి. నూరు కిలోల పచ్చి మొక్కలో 95 కిలోలు నీరు, 5 కిలోలే ఎండు పదార్థం. ఎండబెట్టి, బరువులో సగం మాత్రమే నీరుండేటట్లు చేస్తే ఆ నూరు కిలోలు పది కిలోలవుతాయి. 800 ట్రిప్పుల బరువు 80 ట్రిప్పులకు దిగుతుంది. కావున తీసిన మొక్కను కొన్ని దినాలు ఎండనిచ్చి తరలించుట లాభం. అయితే కుప్పలు చెరువు నీటి హద్దుకు వెలుపల వేయవలెను. కట్టలోపల వేస్తే తొలివానకు మొక్కలు తిరిగి నీటిలో చేరుతాయి. కుళ్ళిన రసం కూడ చెరువులోనికే ఊరుతుంది.

ఆ 3,200 టన్నులలో 160 టన్నులు ఎండు పదార్థం. అందులో నూటికి రెండు పాళ్ళు నత్రజని అనుకొంటే 3 టన్నులకు పైన నత్రజని ఉన్నది. 45 కిలోల యూరియా బస్తాలు సుమారు 150 తెచ్చి చెరువులో పోసినట్లు! మన పొలాల నుంచి, ఊరి మురుగు నుంచి జారిపోయిన ఎరువునే ఆ మొక్క కూడబెట్టి ఉంచినది. కనుక దానిని కంపోస్టు చేసి పొలానికి చేర్చుట న్యాయం. పేడతో కలిపి కుప్పవేసి, గింజలు చచ్చేటంత వేడి పుట్టేటట్లు మాగనిచ్చిన తరువాతనే వాడవలెను. ఎండిన కాడలతో బుట్టలు, చాపలు అల్లుట, పేడతో కలిపి గోబరు గ్యాసు తీయుట కూడ సాధ్యమే. పరిశ్రమల మురుగు చేరే నీటిలోని మొక్క సీసం, కాడ్మియం వంటి లోహాలను వేర్లలో నిలువ చేసుకొంటుంది. దానిని పశువులకు మేపుట గాని, కూరగాయలకు ఎరువుగా వేయుట గాని కూడదు.

లాభదాయకమైన వస్తువని చెప్పి దీనిని ఎవరూ పెంచరాదు. దానిని వాడుకొనుట తొలగించే ఖర్చులో కొంత తగ్గించుకొనుటకే.

పాఠశాలలో చేయదగిన పనులు

ఉబ్బిన కాడను నీటిలో ముంచి వ్రేళ్ళతో నొక్కితే బుడగలు వచ్చుట వాతయుత కణజాలానికి ప్రత్యక్ష సాక్ష్యం. రెండు తొట్లలో రెండేసి మొక్కలు వేసి, ఒకదానిలో మామూలు నీరు, రెండవదానిలో కొద్దిగా పేడ కలిపిన నీరు పోసి, వారానికొకసారి మొక్కలు లెక్కించి గ్రాఫు గీయించవచ్చును. పోషకాల ప్రభావం, రెట్టింపు కాలం రెండూ తెలుస్తాయి. ప్రయోగం ముగియగానే మొక్కలను ఎండలో పూర్తిగా ఎండబెట్టి కాల్చివేయవలెను. ఒక్క పిలకను కూడ మురుగు కాలువలో గాని చెరువులో గాని వేయరాదు. ఖండాలు దాటిన ఈ మొక్క చాలచోట్ల అట్లే వ్యాపించినది.

ఇంతకంటె ఉపయోగకరమైన పని మరొకటి ఉన్నది. తరగతి విద్యార్థులు తమ ఊరి చెరువు పటం గీయవలెను. నీరు ఏ చెరువు నుంచి వస్తున్నది, మత్తడి నీరు ఎటు పోతున్నది, మురుగు ఏ మూల కలుస్తున్నది, మొక్కలు ఏ అంచున మొదట కనుపించినవి అనే వివరాలను తేదీలతో గుర్తించవలెను. పొరుగూరి పాఠశాల కూడ తన చెరువు పటం గీస్తే రెండూ కలిపి చూడవచ్చును. అట్లు గొలుసు మొత్తం కాగితం మీదకు వస్తే, పని ఏ చెరువు నుంచి ప్రారంభించవలెనో, ఏ మురుగు కాలువను ముందు మళ్ళించవలెనో గ్రామ పంచాయతీకి, నీటిపారుదల శాఖకు స్పష్టంగా చూపవచ్చును. పది మొక్కలుగా ఉన్నపుడు దానిని తీయుటకు ఒక పూట చాలు. ఆ పది మొక్కలను ముందుగా చూడగలవారు చెరువు గట్టున రోజూ నడిచే విద్యార్థులే.